తోక చూసి చెప్పండి, నక్కకు గజ్జో కాదో

సంపాదకులు గారికి,

మార్చి దాటిందంటే చాలు, విశాఖ శివార్లలో తీసిన నక్కల ఫొటోలు ఫోన్లలో తిరగడం మొదలవుతుంది. ఎండాడ దగ్గర రోడ్డు దాటుతున్నదో, అడవివరం వైపు తుప్పల్లో నిలబడ్డదో, కంబాలకొండ అభయారణ్యం కంచె వెంట నడుస్తున్నదో, ఒక బక్క నక్క. దాని కింద రాతలు రెండే రకాలు. "పాపం, గజ్జి పట్టింది, ఎవరైనా మందు పెట్టండి" అని కొందరు, "పిచ్చి నక్క, పిల్లల్ని బయటికి పంపకండి" అని మరికొందరు. ఫొటోను నింపాదిగా చూస్తే చాలాసార్లు అది ఎండాకాలపు బొచ్చుతో ఉన్న మామూలు నక్కే. నిజంగా జబ్బు పడ్డ నక్క ఫొటో వచ్చినప్పుడేమో ఎవరికీ అనుమానం రాదు. ఎందుకంటే అది ఎంచక్కా కదలకుండా ఫొటోకు నిలబడుతుంది, ఫొటో బాగుందని మెచ్చుకుంటారు. ఈ తేడా పట్టుకోవడం పెద్ద విద్యేమీ కాదు. ఏ వరుసలో చూడాలో తెలియాలి, అంతే.

ముందుగా అది ఏ జంతువో తేల్చుకోవాలి. నగరం చుట్టూ మనకు ఎదురయ్యేది ప్రధానంగా నక్క. మగది సుమారు 8 నుంచి 11 కిలోలు ఉంటుంది, ఆడది ఇంకొంచెం తేలిక. గుంటనక్క అందులో మూడో వంతు, 2 నుంచి 4 కిలోల జీవి. తోక కొస నల్లగా ఉందని చూసి గుంటనక్క అని రాసేస్తుంటారు. కొస రెంటికీ నల్లనే. చూడాల్సింది పొడవు. నక్క తోక పొట్టి, వెనక కాలి మడమ దాకా వచ్చి ఆగిపోతుంది. గుంటనక్క తోక ఒంటి పొడవులో సగానికి పైనే ఉంటుంది. ఈ తేడా ఎందుకు ముఖ్యమంటే, గుంటనక్కకు సన్నటి కాళ్ళు, ముఖానికి మించిన చెవులు సహజం. దాన్ని నక్క అనుకుని చూస్తే తిండి లేక చిక్కిపోయినట్టే కనిపిస్తుంది. ఎర్రమట్టిలో పొర్లి వచ్చిన నక్కను "ఎర్ర నక్క" అని ప్రచారం చేయడమూ ఉంది. ఆ ఎర్ర నక్క మన దేశంలో హిమాలయాల్లో, వాయవ్యాన ఎడారి ప్రాంతాల్లో ఉంటుంది గానీ కోస్తాంధ్రలో ఉండదు.

ఇక బొచ్చు. నక్క ఏటా రెండుసార్లు బొచ్చు మారుస్తుంది, చలి పోయేటప్పుడు ఒకసారి, చలి వచ్చే ముందు మరోసారి. చలి దేశాల్లో నక్కలను గమనించినవాళ్ళు రాసిపెట్టిన క్రమం ఇది: ఎండాకాలం ముందు రాలడం తల, కాళ్ళ దగ్గర మొదలై, పక్కలు, రొమ్ము, పొట్ట, పిరుదుల మీదుగా సాగి, తోక దగ్గర ముగుస్తుంది. చలికాలపు బొచ్చు రావడం దీనికి తలకిందులు. పిరుదులు, తోక దగ్గర మొదలై తల దగ్గర ఆగుతుంది. విశాఖ చలికి దట్టమైన ఉన్ని అక్కర్లేదు కాబట్టి ఇక్కడి నక్కల్లో ఈ మార్పు అంత కొట్టొచ్చినట్టు కనపడదు. అయినా పాత బొచ్చు కుచ్చులు కుచ్చులుగా ఊడి వేలాడే వారాలు ఇక్కడా ఉంటాయి. జంతువు చింపిరిగా, ముక్కలు ముక్కలుగా రంగు మారినట్టు కనిపించేది అప్పుడే. పాత బొచ్చు ఎండకు వెలిసి ఉంటుంది, కింద నుంచి వచ్చేది ముదురు రంగులో పొట్టిగా ఉంటుంది. కుచ్చు ఊడిన చోట బోడి చర్మం కాకుండా పొట్టి కొత్త బొచ్చు కనిపించిందంటే అది కేవలం కాలం మార్పే.

గజ్జి ఇందుకు పూర్తిగా వేరు. ఎర్ర నక్కల మీద జరిగిన పరిశీలనల్లో గజ్జి మామూలుగా తోక మొదలు, పిరుదులు, వెనక కాళ్ళ దగ్గర మొదలై ముందుకు పాకుతుందని తేలింది. కుక్కల్లోనైతే చెవుల అంచులు, మోచేతులు, మడమలు, పొట్ట అడుగు కూడా మొదటి చోట్లే. నక్క కుక్కకు దగ్గరి చుట్టం కాబట్టి ఈ చోట్లన్నీ చూడాలి, కానీ ముందుగా చూడాల్సింది తోకనే. బొచ్చు మార్పిడిలో తోకది ఆఖరి వంతు, గజ్జిలో తరచుగా మొదటి వంతు. ఏప్రిల్‌లో ముఖం, కాళ్ళు చింపిరిగా ఉండి తోక గుబురుగా ఉన్న నక్క గురించి కంగారు అక్కర్లేదు. ఒళ్ళంతా బొచ్చు నిండుగా ఉండి తోక మాత్రం ఎలుక తోకలా మిగిలిన నక్కకు గజ్జి అని అనుమానించాలి. నక్క తోక తొక్కితే అదృష్టం అంటారు. అదృష్టం సంగతేమో గానీ, ఆ నక్క ఆరోగ్యం సగం తోకలోనే ఉంది.

గజ్జికి కారణం సార్కాప్టిస్ అనే కంటికి ఆనని పురుగు. ఆడ పురుగు పొడవు అర మిల్లీమీటరు కూడా ఉండదు. అది చర్మం పై పొరలో సొరంగం తవ్వుకుంటూ గుడ్లు పెడుతుంది. గుడ్డు పొదిగి, పిల్ల పెరిగి, మళ్ళీ గుడ్లు పెట్టే పురుగు కావడానికి సుమారు రెండు మూడు వారాలు. బొచ్చు రాలడం పురుగు కొరకడం వల్ల కంటే, ఒళ్ళు దానికి ఎదురుతిరగడం వల్ల, జంతువు గోకి గోకి కొరుక్కోవడం వల్ల ఎక్కువ. అందుకే మొదటి లక్షణం బోడితనం కాదు, దురద. ఆరోగ్యంగా ఉన్న నక్క నిద్ర లేచి ఒకటి రెండుసార్లు గోక్కుని తన దారిన పోతుంది. గజ్జి పట్టింది నడుస్తూ నడుస్తూ ఆగి గోక్కుంటుంది, వెనక్కి తిరిగి పక్కలు కొరుక్కుంటుంది, రాయికో చెట్టుకో ఒళ్ళు రాస్తుంది. తర్వాత చర్మం ఎర్రబడుతుంది, రసి కారుతుంది, పొలుసులు లేచి పక్కు కడుతుంది. ముదిరితే చర్మం బూడిద రంగుకు తిరిగి, దళసరై, ముడతలు పడి పగుళ్ళిస్తుంది. కంటి చుట్టూ పక్కు కట్టి కన్ను మూసుకుపోతుంది. ఆ దశలో దుర్వాసన కొంత దూరం వరకు తెలుస్తుంది.

ఎంత ముదిరిందో చెప్పడానికి అమెరికాలో కొయొటీలకు (నక్కను పోలిన అక్కడి జంతువులు), తోడేళ్ళకు వాడే ఒక తేలిక లెక్క మనకూ పనికొస్తుంది. ఒంటిమీద దెబ్బతిన్న భాగం 5 శాతం లోపైతే మొదటి దశ, 6 నుంచి 50 శాతం అయితే రెండోది, సగం దాటితే మూడోది. ఒక్క తోక బోడిదైతే అది ఇంకా మొదటి దశే. తోక, పిరుదులు, రెండు వెనక కాళ్ళు పోతే రెండో దశ. ఒక పక్క నుంచే చూసి శాతం చెప్పకూడదు. కుడి పక్క శుభ్రంగా ఉండి ఎడమ పక్క పాడైన జంతువులుంటాయి. మొదటి దశలో ఉన్నవాటిలో కొన్ని తమంతట తామే కోలుకుంటాయి కూడా. వాటిని పట్టుకోవడానికి వల వేసి తరమడం జబ్బు కన్నా పెద్ద హాని. రెండో దశలో వారం పది రోజుల తేడాతో మళ్ళీ చూసి, పాకుతోందా ఆగిందా తేల్చాలి. మూడో దశకు ఆలోచన లేదు, అటవీశాఖకు చెప్పాల్సిందే.

గజ్జిని పోలినవి మరికొన్ని ఉన్నాయి. వానాకాలంలో గుండ్రటి మచ్చలుగా బొచ్చు ఊడితే తామర కావచ్చు. పిల్ల నక్కలో కళ్ళ చుట్టూ, మూతి మీద ఊడి, పెద్దగా దురద లేకపోతే డెమోడెక్స్ అనే మరో పురుగు పని కావచ్చు. చెవుల్లో, మెడ కింద బూడిద రంగు గింజల్లా కనిపించేవి గోమార్లు. నాలుగైదు ఉంటే లెక్కలోకి రాదు, గుత్తులుగా ఉంటే రక్తం తగ్గి నీరసపడుతుంది. పాత కాట్ల మచ్చ మీద బొచ్చు మళ్ళీ రాకపోవచ్చు, అది జబ్బు కాదు. మెడ చుట్టూనో నడుం చుట్టూనో గీత గీసినట్టు బొచ్చు పోతే మాత్రం చర్మవ్యాధి అనుకోకండి. అది పందుల కోసం పెట్టిన ఉచ్చు తీగ. తీగ ఇంకా మాంసంలో దిగి ఉండొచ్చు, ఇది గజ్జి కన్నా అత్యవసరం.

సన్నబడడం గురించి తొందరపడి తీర్పు చెప్పేవాళ్ళే ఎక్కువ. చలికాలపు బొచ్చు కింద పక్కటెముకలు దాగిపోతాయి, ఎండాకాలం అదే బరువున్న జంతువుకు రెండు మూడు ఎముకలు కనిపిస్తాయి. వానలో తడిసిన నక్క ఏదైనా సగం అయినట్టే ఉంటుంది, తడి ఒంటి మీద అంచనా వేయనే వద్దు. పక్కటెముకల కన్నా నమ్మదగ్గవి మూడు చోట్లు: తుంటి ఎముకలు పొడుచుకు వచ్చాయా, వెన్ను గీత దూరానికే తెలుస్తోందా, తొడ వెనక కండ గుంట పడిందా. ఈ మూడూ ఉంటేనే నిజంగా చిక్కినట్టు. ఆడ నక్క విషయంలో ఇంకో జాగ్రత్త. కడుపుతో ఉండేది సుమారు రెండు నెలలు, ఈనిన తర్వాత పాలిచ్చేది మరో రెండు నెలల దాకా. ఆ రోజుల్లో డొక్కలు లోపలికి పోతాయి, పొదుగు చుట్టూ బొచ్చు పలచబడుతుంది, పట్టపగలే తిండికి తిరుగుతుంది. పొట్ట అడుగున పాల గుత్తులు వేలాడుతుంటే దాన్ని రోగిష్టిది అనకండి, దాని వెనకాల పడకండి. పిల్లలు ఎక్కడో దగ్గర్లోనే ఉంటాయి. వానలు మొదలయ్యాక కనిపించే కాళ్ళు పొడుగు, ఒళ్ళు సన్నం జంతువులు చాలావరకు ఆ ఏటి పిల్లలే.

పగలు కనిపించిందని పిచ్చి అనుకోవడం మరో పొరపాటు. మనుషుల అలికిడి తక్కువ ఉన్న చోట, చలికాలపు ఉదయాల్లో, వాన వెలిసిన పూట నక్క పగలు తిరగడం మామూలే. తేడా దాని తీరులో ఉంటుంది. ఆరోగ్యంగా ఉన్నది మిమ్మల్ని చూడగానే చెవులు నిక్కపొడిచి ఆగుతుంది, దూరం లెక్క వేసుకుంటుంది, పక్కకు తప్పుకుంటుంది. జబ్బు పడ్డది చూసీ చూడనట్టు ఉంటుంది, తల వాల్చుకుంటుంది, ఇళ్ళ గోడల నీడన పడుకుంటుంది. గజ్జి ముదిరిన నక్క జనం మధ్యకు వచ్చేది బలం లేక, వేటాడలేక. దానికి పిచ్చి లేదు, ఆకలి ఉంది.

కళ్ళలో పుసులు, ముక్కున చీమిడి, తూలుతూ నడక, దవడ గానీ కాలు గానీ ఆగి ఆగి అదరడం, ఇవన్నీ కలిస్తే డిస్టెంపర్ అనే వైరస్ జబ్బును అనుమానించాలి. పాదాల మెత్తలు గట్టిపడడం కూడా దీని గుర్తే గానీ దూరం నుంచి కనపడదు. 2018లో గిర్ అడవిలో సింహాలను చంపినది ఈ వైరసే. రేబిస్‌లో భయం పోవడం, చొంగ కారడం, కనపడ్డదాన్నల్లా కరవడం ఒక రకం. దవడ వేలాడి, వెనక కాళ్ళు పడిపోయి మూల నక్కడం ఇంకో రకం. డిస్టెంపర్‌కూ రేబిస్‌కూ తేడా కంటితో చూసి చెప్పడం అనుభవమున్న పశువైద్యులకూ సాధ్యం కాదు. కాబట్టి నడక తేడా ఉన్న ప్రతి నక్కనూ రేబిస్ అనే అనుకుని దూరంగా ఉండాలి. దవడ వేలాడి నెత్తురు, చొంగ కారుతుంటే మూడో కారణం కూడా ఒకటుంది: అడవి పందుల కోసం పెట్టే నాటు బాంబు కొరకడం. ఏది అయినా చేతితో ముట్టుకునే పని కాదు. కరిచినా గీరినా గాయాన్ని సబ్బుతో, పారే నీటి కింద 15 నిమిషాలు కడిగి, అదే రోజు కింగ్ జార్జ్ ఆసుపత్రికి (కేజీహెచ్) గానీ దగ్గరి ప్రభుత్వాసుపత్రికి గానీ వెళ్ళాలి. టీకాతో పాటు గాయం దగ్గర ఇమ్యునోగ్లోబులిన్ (వైరస్‌ను అక్కడికక్కడే అడ్డుకునే మందు) ఇవ్వాలా అని అడగండి. అడవి జంతువు కరిస్తే సాధారణంగా అవసరమవుతుంది. పసుపు, కారం, సున్నం పెట్టి కట్టు కట్టేయడం వద్దు.

అసలు ఈ ఉత్తరం రాయడానికి ముఖ్య కారణం మందులు. "కోడిమాంసంలో ఐవర్‌మెక్టిన్ కలిపి కంచె దగ్గర పడేయండి" అనే సలహా దయతో ఇచ్చేదే కావచ్చు, లెక్క చూస్తే ప్రమాదం అర్థమవుతుంది. పశువుల మందుల దుకాణంలో దొరికే 1 శాతం ఇంజక్షన్‌లో ఒక మిల్లీలీటరుకు 10 మిల్లీగ్రాముల మందు ఉంటుంది. గజ్జికి వాడే మోతాదు కిలోకు 0.2 మిల్లీగ్రాములు. అంటే 8 కిలోల నక్కకు కావలసింది 0.16 మిల్లీలీటరు, సిరంజిలో మూడు నాలుగు చుక్కలు. మాంసం ముక్కకు ఒక మిల్లీలీటరు కలిపితే నక్కకు ఆరు రెట్లు. అదే ముక్క రెండున్నర కిలోల గుంటనక్క తింటే ఇరవై రెట్లు. అప్పుడు వణుకు, చూపు పోవడం, నడవలేక కూలబడడం, చివరికి కోమా. ఆ ముక్కను ఏ పిల్ల నక్కో, ఏ పునుగుపిల్లో, పక్క వీధిలో కాలీ జాతి కలిసిన పెంపుడు కుక్కో తినదన్న హామీ ఎవరిస్తారు? కాలీల్లో చాలావాటికి పుట్టుకతోనే ఈ మందు మెదడులోకి వెళ్ళకుండా ఆపే గుణం లోపించి ఉంటుంది, వాటికి చాలా తక్కువ మోతాదే విషం. పైగా ఈ మందు గుడ్లను చంపదు. రెండు వారాలకు మళ్ళీ వేస్తేనే పొదిగి వచ్చిన పురుగు చస్తుంది. మొదటిసారి తిన్న నక్కే రెండోసారీ తింటుందని అడవిలో ఎలా చెప్పగలం? చికిత్స చేయాలంటే జంతువును పట్టాలి, తూచాలి, మందు పడ్డాక కనీసం నెలపాటు చూసుకోవాలి, అప్పుడు గానీ బొచ్చు మళ్ళీ మొలవడం కనపడదు. అది అటవీశాఖ, వన్యప్రాణి వైద్యులు చేసే పని. వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 కింద నక్కకూ గుంటనక్కకూ రక్షణ ఉంది. అనుమతి లేకుండా పట్టుకోవడం నేరం, దయతో పట్టుకున్నా సరే.

గజ్జి కుక్కలకు పాత ఇంజన్ ఆయిల్ పూసే అలవాటు మన దగ్గర ఇంకా పోలేదు. దాన్ని కుక్క నాకుతుంది, కడుపులోకి పోతుంది, కాలేయం, మూత్రపిండాలు దెబ్బతింటాయి. నక్కలకు ఆయిల్ పోద్దామని డబ్బా పట్టుకుని బయల్దేరినవాళ్ళ గురించి ఇంకేం రాయాలి!

నక్కలకు ఈ జబ్బులు వచ్చే దారుల్లో మనం ఆపగలిగింది వీధి కుక్కల దారి. అడవి అంచున రోడ్డు పక్క కోడి వ్యర్థాలు పోస్తే కుక్కలూ నక్కలూ ఒకే కుప్ప దగ్గర చేరతాయి, అక్కడే గజ్జి, డిస్టెంపర్, రేబిస్ చేతులు మారతాయి. ఒకే బొరియను ఒకదాని తర్వాత ఒకటి వాడుకోవడం వల్ల కూడా గజ్జి అంటుతుంది. పురుగు చల్లటి తేమ చోట ఒంటికి దూరంగా కూడా కొన్ని రోజులు బతుకుతుంది. ఇంగ్లండ్‌లోని బ్రిస్టల్ నగరంలో 1994లో గజ్జి అడుగుపెట్టాక రెండేళ్ళలోపే అక్కడి ఎర్ర నక్కల్లో 95 శాతానికి పైగా పోయాయి. నక్కలు దట్టంగా ఉన్న నగరం కావడమే దానికి కారణం. కంబాలకొండ లాంటి చోట, చుట్టుపక్కల కాలనీలు పెరిగి నక్కలు ఇరుకున పడుతున్న చోట, అది పట్టించుకోవాల్సిన సంగతి. కుక్కల సంతాన నియంత్రణ కార్యక్రమంలో రేబిస్ టీకా ఎలాగూ వేస్తారు. అడవి అంచు వార్డుల్లో దానితో పాటు డిస్టెంపర్ టీకా, గజ్జి చికిత్స కూడా కలిపితే ఖర్చు కొంచెమే పెరుగుతుంది, నక్కలకు, కుక్కలకు, వాటిని నిమిరే పిల్లలకు మేలు. కుక్క గజ్జి మనిషికి తగిలితే కొద్ది వారాలు దద్దుర్లు, దురద ఉంటాయి. పురుగు మన ఒంటి మీద తరాలు పెంచుకోలేదు కాబట్టి కుక్కకు వైద్యం చేయించాక తగ్గిపోతుంది.

ఫొటో తీసేవాళ్ళకు నాలుగు మాటలు. కనీసం 40, 50 మీటర్ల దూరం నుంచి, ఫ్లాష్ లేకుండా, రెండు పక్కలా తీయండి, తోక పూర్తిగా పడేలా. నడక తెలియాలంటే అర నిమిషం వీడియో ఒకటి పది ఫొటోలకు సమానం. రాత్రి ట్రాప్ కెమెరా (జంతువు కదిలితే దానంతటదే ఫొటో తీసేది) చిత్రంలో రంగు ఉండదు, చర్మం ఎర్రదనం తెలియదు, దాన్ని పట్టుకుని గజ్జి అని తేల్చకండి, తోక అంచు గీత మాత్రం చూడండి. తేదీ, సమయం, చోటు రాసి అటవీశాఖ వన్యప్రాణి విభాగానికి పంపండి. చోటు వివరం మాత్రం సామాజిక మాధ్యమాల్లో పెట్టకండి. నక్క కొమ్ము, నక్క తోక పేరు చెప్పి తాయత్తులు అమ్మేవాళ్ళు ఇంకా ఉన్నారు, వాళ్ళకు దారి చూపినట్టవుతుంది.

మీ పత్రికకు ఒక మనవి. నక్క ఫొటో అచ్చు వేసేటప్పుడు కింద నెల, తీసిన చోటు స్థూలంగా రాయండి. "గజ్జి", "పిచ్చి" అనే మాటలు వాడే ముందు ఫొటోను ఒక పశువైద్యునికి చూపించండి. తోక కనపడకుండా అంచు కత్తిరించిన ఫొటో వేయకండి.

- ఒక పశువైద్యుడు
ఎంవీపీ కాలనీ, విశాఖపట్నం